హెడ్మాస్టరు గారు ఒకటో తరగతిలో చేరిన ఏడు

మా పక్కింటి బిడ్డ సునీతకు ఈ మధ్యనే టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి శిక్షణకు పోయి వచ్చిన సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, వాళ్లకు ఇచ్చిన పని గురించి చెప్పింది. వృత్తిలో ఎదగడానికి, ఎప్పటికప్పుడు నేర్చుకుంటూ ఉండడానికి ఎవరి లక్ష్యాలు వాళ్లు రాసి ఇవ్వాలట. తోటివాళ్లంతా పెద్ద పెద్ద మాటలు రాసేశారట. ఈమెకు ఏమీ తోచలేదు. నా సర్వీసులో నేనేం లక్ష్యాలు పెట్టుకున్నానని అడిగింది.

నేను పెట్టుకున్నవి ఒక్కటీ గుర్తు లేవు. పెట్టుకోమని చెప్పిన అధికారులు మాత్రం బాగా గుర్తున్నారు. నేర్చుకోవడమంటే ఏమిటో నాకు చూపించిన మనిషి ఒక్కరే. ఆయన నా పై అధికారి, తాండూరు మిడిల్ స్కూల్లో హెడ్మాస్టరు. ఆయన నా దగ్గర ఒకటో తరగతి చదివారు.

ఈ మాట అనగానే సునీత నవ్వింది. నవ్వవలసిన విషయమే. ప్రమోషన్లు, పింఛను కాగితాల సంగతి ఎవరైనా చెబుతారు కనుక, నేను ఇదొక్కటే రాసి పెడుతున్నాను.

తెలుగు వచ్చినవాడు

మాది బంట్వారం దగ్గర పల్లె. ఇంటిల్లిపాదీ గొర్లు కాసేవాళ్లే. మందతో సమానంగా నడవలేక నేను వెనకబడేవాణ్ణి. వీడు గొర్లకు పనికిరాడని మా నాయన నన్ను బడికి పంపాడు. నైజాం కాలం కనుక చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం మా ఊరి చర్చి ఉపదేశి భార్య మరియమ్మ నేర్పింది. ఆదివారం పాటలకు గొంతులు చాలక ఆమె ఎవరి పిల్లలన్నది చూడకుండా అందరినీ వసారాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. గొంతు బాగాలేదని తర్వాత నన్ను పాటలోంచి తీసేసింది గానీ, అక్షరాలు నాతోనే ఉండిపోయాయి.

పోలీసు చర్య జరిగి నైజాం ప్రభుత్వం పోయాక నేను తాండూరులో చిన్న టీచరుగా చేరాను. అప్పట్లో తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉండేది. కొత్త ప్రభుత్వం చిన్న తరగతుల చదువు పిల్లల ఇంటి భాషలోనే చెప్పాలంది. మా బడి టీచర్లంతా ఉర్దూలో చదివినవాళ్లు. తెలుగు రాయడం ఎవరికి వచ్చునని అడిగితే నేను చెయ్యెత్తాను. చుట్టూ చూస్తే ఇంకెవరి చెయ్యీ లేవలేదు. పాటల కోసం నేర్చుకున్న అక్షరాలతో ఆ పూట నుంచి నేను బడికంతటికీ తెలుగు పండితుణ్ణయ్యాను.

హెడ్మాస్టరు దస్తగీర్ సాబ్‌కు యాభై ఏళ్లుంటాయి. మెడదాకా గుండీలు పెట్టిన నల్ల షేర్వాణీ, సగం నెరిసిన, పొట్టిగా కత్తిరించిన గడ్డం. ఉర్దూ, ఫారసీ ఆయనకు కొట్టిన పిండి. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. చిన్నప్పటినుంచి హైదరాబాదులో చదివి, బడి, ఇల్లు తప్ప వేరే దారిలో నడిచిన మనిషి కాదు. రూలంటే ఆయనకు ప్రాణం. రూలు తనదైనా, పైనుంచి వచ్చినదైనా దానికి ఎదురు చెప్పడం ఎన్నడూ చూడలేదు.

పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టర్లు కూడా ప్రాంతీయ భాషలో పరీక్ష పాసు కావాలి. కాని వాళ్లను ఆ కుర్చీలో ఉంచరు. మిగతా చోట్ల పెద్దలు ఇంటికి పంతుళ్లను పిలిపించుకున్నారు. కొందరు సెలవు పెట్టారు. దస్తగీర్ సాబ్ ఉత్తర్వును మడిచి జేబులో పెట్టుకుని నన్ను పిలిచారు. తెలుగు ఒకటో తరగతి ఏ పీరియడులో ఉంటుందని ఉర్దూలో అడిగారు. మొదటి పీరియడన్నాను. రేపటినుంచి వస్తానన్నారు.

తనిఖీ చేయడానికి వస్తానంటున్నారనుకుని, ఆ సాయంత్రం నల్లబల్ల కడిగించాను.

అమ్మ చేర్పించిన విద్యార్థి

మర్నాడు పొద్దున బడి ముందు టాంగా ఆగింది. అందులోంచి మొదట హెడ్మాస్టరు గారు దిగారు. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని వాళ్ల అమ్మగారు దిగారు. బాగా ముసలావిడ. వంగిన నడుముతోనే నా గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

సంగతేమిటంటే, బడిలో పేరు రాయించుకోని వాళ్లు తరగతిలో కూర్చోకూడదని మా బడిలో రూలు. అది ఆయన పెట్టిందే. పేరు రాయించడానికి తల్లిగానీ తండ్రిగానీ స్వయంగా రావాలన్నది ఇంకో రూలు. అదీ ఆయనదే. తండ్రి లేరు కనుక తల్లిని తీసుకొచ్చారు. వయసు సంగతి ఏం చేయాలని నేను నసిగాను. అయిదేళ్లు నిండి ఉండాలనే ఉంది, ఎన్నేళ్లు దాటకూడదో ఎక్కడా లేదని ఆయన జవాబు. వెతికి చూశాను. నిజంగానే లేదు.

ముసలావిడ కందుల మండీలో ఆడవాళ్లతో బేరాలాడి నేర్చుకున్న తెలుగులో నాతో మాట్లాడింది.

"మా పోరడు సారూ. జర నిదానంగ చెప్పు. కోపమొస్తె అన్నం తినడు."

హెడ్మాస్టరు గారు తల వంచుకుని నిలబడ్డారు. నేను సరేనమ్మా అన్నాను. ఇంకేమనాలో ఈ రోజుకీ నాకు తెలియదు.

మొదటి చిక్కు హాజరు దగ్గర వచ్చింది. పై అధికారిని పేరు పెట్టి ఎలా పిలవను? ఆయన పేరు వచ్చినప్పుడు దగ్గి ఊరుకున్నాను. పీరియడు కాగానే ఆయన నన్ను తన గదికి పిలిపించి, ఒకటో తరగతి టీచరు హాజరు సరిగా తీసుకోవడం లేదని ఒక విద్యార్థి నుంచి ఫిర్యాదు వచ్చిందన్నారు. ఆ విద్యార్థి ఎవరో నేను అడగలేదు.

మర్నాడు "దస్తగీర్ సాబ్" అని పిలిచాను. ఆయన లేచి హాజరు పలికారు. పిల్లలకు అది నచ్చింది. తమను కూడా సాబ్ అనమని పట్టుబట్టారు. ఆ రోజునుంచి నా తరగతిలో ఎల్లయ్య సాబ్, పోచమ్మ సాబ్, ఏసోబు సాబ్ అంటూ హాజరు పిలవవలసి వచ్చింది. దాంతో పిలవకముందే తయారై కూర్చునేవాళ్లు. గైర్హాజర్లు తగ్గాయి. ఏ శిక్షణలోనూ ఈ ఉపాయం చెప్పగా నేను వినలేదు.

రెండో చిక్కు పెద్దది. ఆయన తాండూరు బండ మీద పరిచిన చాపలో, పిల్లల మధ్య మఠం వేసుకుని, పలక ఒళ్లో పెట్టుకుని 'క' దిద్దేవారు. 'క' అంటే తలకట్టు ఉండాలి. ఆయన రాసింది బోర్లించిన చెంబులా ఉండేది. నేను చూసి బాగుందనేవాణ్ణి. పక్కనే కూర్చున్న పోచమ్మ పలక మీద కూడా అలాంటి చెంబే ఉండేది. దాన్ని తుడిచేసి మళ్లీ రాయమనేవాణ్ణి. ఇలా కొన్ని వారాలు నడిచింది.

ఒకనాడు ఆయన రెండు పలకలూ తన గదిలో బల్ల మీద పక్కపక్కన పెట్టించి నన్ను పిలిచారు. రెండింటి మీదా ఒకే అక్షరం ఒకేలా ఉంది. ఆ పాప రాసింది తప్పయి తాను రాసింది ఒప్పు ఎలా అయిందని ఉర్దూలో మెల్లగా అడిగారు. ఇద్దరిలో ఎవరిని మోసం చేస్తున్నారో తెలుసుకోగోరుతున్నానన్నారు. ఆయన కేకలు వేయలేదు. పరీక్ష పెట్టేవాళ్లు నా షేర్వాణీ చూసి మార్కులు వేయరు కదా అని మాత్రం అన్నారు.

మర్నాడు తరగతిలో ఆయన పలక చూసి, ధైర్యం కూడగట్టుకుని "తప్పు" అన్నాను. ఆయన లేచి నిలబడి, "షుక్రియా సార్" అని మళ్లీ కూర్చున్నారు. పిల్లలు చూశారు. వారం తిరిగేసరికి ఎవరికి తప్పని చెప్పినా లేచి షుక్రియా సార్ అనడం అలవాటైంది. తప్పు చెప్పించుకోవడానికి పోటీపడి రాసేవాళ్లు కూడా తయారయ్యారు. వాళ్లను దారిలో పెట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇంకో సంగతి. ఆలస్యంగా వచ్చిన పిల్లలు హెడ్మాస్టరు గది బయట నిలబడాలని మా బడిలో రూలు. ఒక పొద్దున ఆయన తహసీలుకు పోయి ఆలస్యంగా వచ్చారు. నేరుగా పోయి తన గది బయట చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంతలో కందుల వ్యాపారి ఒకాయన తన కొడుకు విషయం మాట్లాడడానికి వచ్చి, ఎదురుగా ఉన్న మనిషికే సలాం చేశాడు. హెడ్మాస్టరు గారు లోపల లేరు, పీరియడు అయ్యాక వస్తారు, కూర్చోండని సాబ్ చెప్పారు. వ్యాపారి కూర్చున్నాడు. గంట కొట్టగానే సాబ్ లోపలికి పోయి కుర్చీలో కూర్చుని, ఇక రమ్మన్నారు. ఆ వ్యాపారి కొడుకు చదువు సంగతి మరిచిపోయి, బయటికొచ్చి నన్ను పట్టుకుని, "పెద్దసారుకు పానం బాగానె ఉందా?" అని అడిగాడు.

ఉందన్నాను. నా ప్రాణం సంగతి ఆయన అడగలేదు.

వికారాబాదు శనివారాలు

ఆయనకు నేర్పాలంటే నాకు రావాలి కదా. పాటల తెలుగు పాఠాలకు చాలలేదు. వికారాబాదులో శనివారాలు టీచర్లకు తెలుగు తరగతి పెట్టారని తెలిసి రైలెక్కి పోయేవాణ్ణి. ఒక బంధువు ఇంట్లో ఆదివారం ఉండి సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేవాణ్ణి.

అక్కడ చెప్పే పండితులు కోస్తా నుంచి వచ్చారు. గొప్ప విద్వాంసులు. మాలో సగం మందికి ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియని రోజుల్లో ఆయన మాకు పద్యాల గణాలు విభజించడం నేర్పారు. ఆయన అడిగితే మేమంతా తలలూపేవాళ్లం. మేం తలూపుతున్నాం కనుక ఆయన ఇంకా ముందుకు పోయేవారు. ఒకసారి నన్ను లేపి మాట్లాడమంటే మరియమ్మ తెలుగులో జవాబు చెప్పాను. మీరు పాస్టరు గారా అని అడిగారు.

సునీతలాంటి వాళ్లకు ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగానే చెబుతాను. శిక్షణ ఇచ్చేవాళ్లు తమకు తెలిసింది చెబుతారు. మనకు కావలసింది మనమే అడగాలి. తలూపడం మొదలుపెడితే ఇద్దరూ నష్టపోతారు. నేను మూడు నాలుగు శనివారాలు తలూపాక, ఒకనాడు తరగతి అయ్యాక పండితుల వారి వెంట నడిచి, అయ్యా నాకు ముందు కొమ్ములు, దీర్ఘాలు, ఒత్తులు సరిచేయండన్నాను. ఆయన ఆగి నన్ను చూశారు. ఆ తర్వాత స్టేషన్లో తన రైలు వచ్చేదాకా అరుగు మీద కూర్చోబెట్టి నేర్పారు. మా హెడ్మాస్టరు పలకలు తుడిచిన నాకు, అప్పుడు అర్థమైంది, పండితుల వారిని అంతవరకు ఎవరూ ఏదీ అడగలేదని.

ఈలోగా సాబ్ తెలుగు బాగా పెరిగింది. అయితే ఆయన మాట్లాడడం నేర్చుకున్నది పిల్లల దగ్గర. యాభై ఏళ్ల మనిషి, ఆరేళ్ల పిల్లల తెలుగు. తహసీల్దారు ఆఫీసులో పెద్దల సభ జరుగుతుంటే మధ్యలో లేచి, "నీళ్లు తాగొస్త సారూ" అని బొటనవేలు చూపించారట. తహసీల్దారు గారు పోయిరమ్మన్నారట.

పిల్లులు వచ్చిన సోమవారం

ఆ చలికాలం చుట్టుపక్కల పల్లెల్లో మశూచి తగిలింది. రెండు మూడిళ్లలో పిల్లలు పోయారు కూడా. టీకాలు వేసే మనిషి సోమవారం మా బడికి వచ్చి, మధ్యాహ్నం బండికి వెళ్లిపోతాడని కబురొచ్చింది. మళ్లీ ఎప్పుడు వస్తాడో తెలియదు. బడి పిల్లలనే కాక ఇళ్లలో ఉన్నవాళ్లనూ తీసుకురావాలని ఊరికి చెప్పాలి. నేను వికారాబాదులో ఉన్నాను. సాబ్ మొట్టమొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా, తెలుగులో ప్రకటన రాసి మండీ దగ్గర, బడి గోడ మీద అంటింపజేశారు. ఆ శనివారం ఆయన ఎంతో సంతోషంగా ఉన్నారని తర్వాత బంట్రోతు చెప్పాడు.

సోమవారం పొద్దున రైలు దిగి నడుస్తుంటే, నా ముందర పోతున్న వాళ్ల చేతుల్లో బుట్టలు, గోనె సంచులు కనిపించాయి. సంచులు కదులుతున్నాయి. ఒకదాంట్లోంచి మ్యావ్ అని వినిపించింది. ఇదేదో సంతేమో అనుకున్నాను. అందరూ మా బడిలోకే తిరిగారు.

వసారా నిండా పిల్లులు. నల్లవి, చారలవి, తోక తెగినవి. టీకాల మనిషి తన పెట్టె మీద ఎక్కి నిలబడి ఉన్నాడు. గోడ మీద ఉన్న ప్రకటన చదివాను. టీకాలు వేయబడును, అందరూ తమ పిల్లులను తప్పక తీసుకొని రావలెను అని గుండ్రని, ముద్దులొలికే అక్షరాల్లో ఉంది. 'పిల్లలను' అన్న మాటలో అక్కరలేని చోట ఒక కొమ్ము పడింది. అది తప్ప ఇంకొక్క తప్పూ లేదు.

మండీలో గుమాస్తా ఒకడు దాన్ని అందరికీ చదివి వినిపించాడట. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అంతకు ముందు ప్లేగు వచ్చినప్పుడు ఎలుకలను పట్టమని దండోరా వేశారు. ఎలుకలయ్యాక పిల్లులు రావడం వాళ్లకు సబబుగానే తోచింది. రాజ్యం మారింది, రూపాయి మారింది, బడి భాష మారింది. పిల్లులకు టీకాలంటే పెద్ద వింతేముంది? మంచి మాటేమిటంటే మన ఊరి జనం సర్కారు మాట విన్నారు. చెడ్డ మాటేమిటంటే పిల్లలను ఇళ్ల దగ్గర వదిలి వచ్చారు.

ఒక ముసలమ్మ దూరం పల్లెనుంచి పిల్లిని చంకన పెట్టుకుని నడిచొచ్చింది. టీకాల మనిషితో గట్టిగా వాదిస్తోంది.

"ఏసేది ఏదో ఏయుండ్రి సారూ. గింత దూరం నడిచొచ్చిన. దీనికేమన్న అయితె మా ఇంట్ల గింజ మిగలది."

సాబ్ గదిలోంచి వచ్చి చూశారు. నేను ఆయన దగ్గరికి పోయి, ప్రకటన చూపించి, వేలు కొమ్ము మీద పెట్టాను. తప్పు అన్నాను. నోటికి అలవాటైపోయింది. ఆయన వంగి ఆ అక్షరాన్ని చూశారు. ముఖం తెల్లబడింది. తర్వాత షుక్రియా సార్ అన్నారు, ఆయనకూ అలవాటే.

నేను ఉర్దూలో, మీరు లోపలికి పోండి, నేను వాళ్లకు చెబుతానన్నాను. ఇలాంటివి బయటికి పొక్కితే పరీక్ష దాకా కూడా ఆగరు, ఆయన కుర్చీ ఆ సాయంత్రమే పోతుంది. బంట్రోతు తప్పని, అంటించినవాడి తప్పని ఏదో ఒకటి చెప్పవచ్చు. ఆయన తల అడ్డంగా ఊపారు. వసారా మెట్టు మీద నిలబడి, చేతులు కట్టుకుని, ఒకటో తరగతిలో పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టే నిలబడ్డారు.

"పిల్లులు కాదు. పిల్లలు. నేను తప్పు రాసిన. మీ పిల్లల్ని తీస్కరాండ్రి. బండి పోయేలోపల తీస్కరాండ్రి. బీమారి మంచిది కాదు."

ఎవరూ నవ్వలేదు. ఆ షేర్వాణీ లోంచి తెలుగు రావడం వాళ్లెప్పుడూ వినలేదు. ముసలమ్మే ముందు తేరుకుంది. పిల్లిని టీకాల మనిషి పెట్టె మీద పెట్టి, చూస్తుండమని చెప్పి, ఇంట్లో మనవలున్నారంటూ ఊరి వైపు పరుగులాంటి నడక సాగించింది. ఆమె వెనక అందరూ కదిలారు. సంచులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. కాసేపట్లోనే కొన్నింటి మూతులు విప్పుకున్నాయి.

తనిఖీ

పిల్లలు రావడం మొదలైంది. టీకాలు పడుతున్నాయి. పిల్లలు ఏడుస్తున్నారు, పిల్లులు తరగతుల్లో తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడు గుల్బర్గా నుంచి ఇన్స్పెక్టరు గారు దిగారు. చెప్పకుండా రావడం ఆయన పద్ధతి.

ఆయనది కన్నడ. ఉర్దూ బాగా వచ్చు. తెలుగు రాదు. అయితే ఇక తనిఖీ జరిగినంతసేపు ఎవరూ ఉర్దూ వాడకూడదని, ప్రాంతీయ భాషలోనే మాట్లాడాలని ఆయనే ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. గుమ్మంలో నిలబడి ఆ దృశ్యం చూసి, కన్నడంలో "ఇదేను?" అన్నారు. ఇదేమిటని అడుగుతున్నారని మాకు తెలిసింది.

సాబ్ ముందుకొచ్చారు. రూలు కనుక తెలుగులోనే, దాచకుండా మొత్తం చెప్పారు. పిల్లలు అని రాయబోయి పిల్లులు అని రాశానని, కొమ్ము ఎక్కువైందని, జనం పిల్లులను తెచ్చారని, తప్పు తనదేనని చెప్పారు. ఇంకా స్పష్టంగా ఉండాలని నల్లబల్ల దగ్గరికి పోయి రెండు మాటలూ పెద్దగా రాసి, కొమ్ము చుట్టూ సున్నా చుట్టారు. ఒక మాట కింద నిలబడ్డ పిల్లను చూపించారు. రెండో మాట కింద బల్ల మీద కూర్చున్న పిల్లిని చూపించారు.

ఇన్స్పెక్టరు గారికి తెలుగు రాదని ఒప్పుకోవడం ఇష్టం లేదు. శ్రద్ధగా వింటూ తలూపారు. అక్షరాలు కన్నడ అక్షరాల్లాగే ఉంటాయి కనుక చదవగలిగారు. ఒక కొమ్ముతో మాట మారిపోవడం, ఎదురుగా దానికి తగ్గ ప్రాణులు ఉండడం చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. వస్తువులు చూపించి పాఠం చెప్పాలని ఆయన ఏళ్ల తరబడి బళ్లకు చెబుతున్నారు. ఎవరూ చేయలేదు. ఇక్కడ ఊరంతా కదిలి వచ్చి కొమ్ము పాఠానికి పిల్లులను తెచ్చింది. సాబ్ భుజం తట్టి, మిగతా టీచర్ల వైపు తిరిగి, ఇలా నేర్పాలని సైగ చేశారు.

తనిఖీ ముగిసి చాయ్ వచ్చాక సాబ్ మళ్లీ అంతా ఉర్దూలో చెప్పారు. ఈసారి ఇన్స్పెక్టరు గారికి పూర్తిగా అర్థమైంది. కప్పు కింద పెట్టారు. తర్వాత, తనిఖీ అయిపోయిందని, తనిఖీలో ప్రాంతీయ భాషలో చెప్పిందే లెక్కలోకి వస్తుందని, ఉర్దూలో చెప్పింది తాను విననట్టేనని అన్నారు.

అలా తప్పు ఒప్పుకున్నందుకు మా బడికి మెచ్చుకోలు దక్కింది. చుట్టుపక్కల బళ్లకు కూడా ప్రాణులతో కొమ్ము పాఠం చెప్పాలని ఆదేశం పోయింది. నవాబుపేట వైపునుంచి ఒక టీచరు వికారాబాదు తరగతికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. గుడ్డు, గుర్రం దొరికాయట. ఏనుగు సంగతి ఏం చేయాలని అడిగాడు.

సాబ్‌కు ఆ మెచ్చుకోలు మింగుడుపడలేదు. ఒక వారం పాటు ఆయన దినమూ కొమ్ములున్న మాటలే దిద్దారు. ఆ సోమవారం టీకా వేయించుకున్న పిల్లలెవరికీ మాత్రం మశూచి తగల్లేదు. ముసలమ్మ పిల్లి మూడో తరగతి గదిలో పిల్లలు పెట్టి అక్కడే ఉండిపోయింది.

పరీక్ష వికారాబాదులో జరిగింది. నేను కూడా తోడు వెళ్లాను. రాతపరీక్ష గట్టెక్కింది. నోటి పరీక్షలో, ఏం చేస్తుంటారని పరీక్షాధికారి అడిగాడట. ఒకటో తరగతి చదువుతున్నానని సాబ్ చెప్పారట. ఆయన నవ్వి, ఉద్యోగమేమిటని అడిగితే హెడ్మాస్టరునన్నారట. ఏ బడిలో చదువుతున్నారు, ఏ బడికి హెడ్మాస్టరు అని అడిగితే, "రెండు ఒకటే బడి సారూ" అన్నారట. పరీక్షాధికారి ఇంకేమీ అడగకుండా పాసు చేశాడు.

సేడం

మర్నాడు మొదటి పీరియడుకు నేను తరగతిలోకి పోతే సాబ్ చాపలో తన చోట కూర్చుని ఉన్నారు. పాసయ్యారు కదా అన్నాను. పరీక్ష పాసయ్యాను గానీ తరగతి పాసు కాలేదు, ఏడాది చివరిదాకా ఉండాలి కదా అన్నారు. ఉన్నారు. రెండో తరగతికి కూడా వచ్చారు.

రెండో తరగతి అయ్యేసరికి రాష్ట్రాలు విడదీశారు. తాండూరు తెలుగు వైపు వచ్చింది. సాబ్ పుట్టింది సేడం దగ్గర పల్లె. సేడం కన్నడ వైపు పోయింది. పుట్టిన చోటు లెక్కన ఆయనను అటు కేటాయించారు. అక్కడ కుర్చీ నిలవాలంటే ప్రాంతీయ భాష పరీక్ష పాసు కావాలి. ఆ భాష కన్నడ.

నాకు కోపం వచ్చింది. అర్జీ పెట్టుకోండి, ఇంత కష్టపడి తెలుగు నేర్చుకున్నారన్నాను. ఆయన ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నారు. తెలుగు ఎక్కడికీ పోదు కదా అన్నారు. అమ్మగారిని తీసుకుని వాడి జంక్షను పోయే బండి ఎక్కారు.

కొన్నాళ్లకు మా అన్న గొర్లు కొనడానికి ఆ వైపు పోతుంటే నేనూ బయలుదేరాను. సేడం దగ్గర ఆయన బడి ఏదో అడిగి తెలుసుకుని పోయాను. మొదటి పీరియడు నడుస్తోంది. కిటికీలోంచి చూస్తే, చాపలో ముందు వరుసలో పిల్లలు, వెనక వరుసలో నల్ల షేర్వాణీ. గడ్డం పూర్తిగా తెల్లబడింది. ఆయన నన్ను చూసి లేచి, టీచరు అనుమతి అడిగి బయటికొచ్చి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. పిల్లలతోనూ, టీచరుతోనూ, "ఈయన మా సారు" అన్నారు. తెలుగులోనే అన్నారు. ఆ పిల్లలకు ఏం అర్థమైందో గానీ అందరూ లేచి నిలబడ్డారు.

టీచరు బసప్ప ఇరవై రెండేళ్ల కుర్రవాడు. సాబ్ తన చోటికి పోయి కూర్చోగానే అతను నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చి, ఉర్దూలో గుసగుసగా గోడు చెప్పుకున్నాడు. నెల రోజులుగా హెడ్మాస్టరు గారు 'అ' తిరగేసి రాస్తున్నారట. తాను బాగుందంటున్నాడట. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట. మీరు ఎలా నెగ్గుకొచ్చారని అడిగాడు.

"తప్పని చెప్పు తమ్మీ," అన్నాను. "దినాం చెప్పు. ఆయన దానికే వస్తుండు."

బసప్ప అక్కడే నిలబడి షర్టు సర్దుకున్నాడు. తర్వాత వెనక వరుసలోకి పోయి, సాబ్ ఒళ్లోని పలక మీదికి వంగి, కాసేపు చూసి, తన అరచేత్తో ఆ అక్షరాన్ని తుడిచేశాడు. సాబ్ బలపం అతనికి అందించి, చూడడానికి వీలుగా కొంచెం పక్కకు జరిగారు.